క్లచ్చి మీద కాలు

యంత్రాలు అద్దెకిచ్చే ఆ షెడ్డులో అతన్ని అందరూ నిదానం అనేవాళ్ళు. రిజిస్టరులో ఏ పేరుందో రాసినవాడికి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. మాటకు ముందోసారి, మాట అయ్యాక ఓసారి "నిదానమే ప్రధానం" అనడం అతని అలవాటు. దాన్ని పట్టుకుని ఆ పేరు పెట్టినవాడు అతని బామ్మర్ది. పేరు ఎంత గట్టిగా అంటుకుందంటే, చివరికి అతని భార్య కూడా కోపం వచ్చినప్పుడు "ఏమండీ నిదానంగారూ, నీళ్ళు ఇప్పుడు పట్టి తెస్తారా, కుళాయి ఆగిపోయాక వెళ్తారా" అనేది.

ఇరవై ఆరేళ్ళు ట్రాక్టరు నడిపాడు. ఆ కాలంలో షెడ్డులో మూడు ట్రాక్టర్లు మారాయి, ఇద్దరు ఓనర్లు మారారు, అతను మారలేదు. అతని చేతి కింద ఒక్క మనిషికీ గీత పడలేదు. ఆ సంగతి తను చెప్పుకునేవాడు కాదు. అద్దెకు వచ్చినవాళ్ళు మరీ తొందరపెడితే ఓనరే చెప్పేవాడు: "ఆయన ఆలస్యం చేస్తాడు, నిజమే. కానీ వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఇంటికి పోతారు."

అతని పనంతా రోటావేటరుతోనే. ట్రాక్టరు వెనక తగిలించే దున్నుడు యంత్రం అది. అడ్డంగా ఒక ఇరుసు, ఇరుసు చుట్టూ వంకర కత్తులు. ఇరుసు తిరిగితే కత్తులు మట్టిని పిండి చేసి వెనక్కి విసురుతాయి. మట్టికీ మనిషికీ తేడా తెలియని యంత్రమని అతనే అనేవాడు.

దాన్ని అతను తగిలిస్తుంటే చూడాలి. ముందు చదునైన చోటు వెతికేవాడు. ట్రాక్టరు వెనక్కి వచ్చేటప్పుడు ట్రాక్టరుకీ యంత్రానికీ మధ్య పిట్ట కూడా నిలబడకూడదు. ఓనరు అడ్డం వచ్చినా సరే, పక్కకి తప్పుకునేదాకా బ్రేకు మీద నుంచి కాలు తీసేవాడు కాదు. చేరువకి తెచ్చాక ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, అప్పుడు దిగేవాడు. కింద రెండు ఇనప చేతులుంటాయి. ముందు ఎడమది తగిలించాలి, కుడిది తర్వాత, ఎందుకంటే ఎత్తు సరిచేసుకునే మర కుడిదానికే ఉంటుంది. పిన్ను తోసి, అది జారకుండా రింగు వేసి, రింగుని వేలితో ఓసారి తట్టేవాడు. ఆ తర్వాత పైనున్న లింకు. అన్నిటికీ చివర షాఫ్టు, అంటే ఇంజను తిరుగుడుని వెనక యంత్రానికి అందించే కడ్డీ. దాని తలని గాడిలోకి తోసి, టక్కుమని వినపడేదాకా వదిలేవాడు కాదు. వినపడ్డాక కూడా వెనక్కి గుంజి చూసేవాడు. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు పగిలి ఉంటే ఆ రోజు బండి షెడ్డు దాటదు. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి పిన్ను నుంచి చేత్తో తడుముకుంటూ వచ్చేవాడు.

"బావా, నువ్వు తగిలించి వెళ్ళేలోపు ఆ పొలంలో గడ్డి మొలిచి, గేదెలు మేసి, మళ్ళీ మొలుస్తుంది" అనేవాడు బామ్మర్ది.

"మొలవనీ. గడ్డయితే మళ్ళీ మొలుస్తుంది. వేలు మొలవదు" అనేవాడు అతను.

బామ్మర్ది ఆ షెడ్డులోనే వెల్డరు. పెళ్ళయి అత్తారింటికి వచ్చినప్పుడు అక్క వెంట వచ్చినవి రెండే: ఒక ట్రంకు పెట్టె, తొమ్మిదేళ్ళ తమ్ముడు. తల్లి పోయింది, తండ్రి ఉన్నా లేనట్టే. "పెట్టె తుప్పు పట్టింది, నేనింకా పట్టలేదు" అని వాడే నవ్వించేవాడు. అక్కాబావలకు పిల్లలు కలగలేదు. ఆమెకు తమ్ముడూ వాడే, కొడుకూ వాడే. వాడి చేతికి మొదటి స్పానరు ఇచ్చింది బావే గానీ, వెల్డింగు మాత్రం వాడు తనంతట తానే నేర్చుకున్నాడు. ఇనుముని ఇనుముకి అతికిస్తే అతుకు ఎక్కడుందో వేలితో రాసినా తెలిసేది కాదు. షెడ్డు వెనక వీధిలో వాళ్ళవి రెండు గదులు. వంటగది కిటికీకి వాడు చేసిన జాలీలో పదకొండు చేపలు ఒకదాని వెనక ఒకటి ఈదుతుంటాయి. చివరి చేప మాత్రం మిగతావాటికి బాగా దూరంగా, ఒక్కతీ ఉంటుంది. అదేంటని అక్క అడిగితే, "అది బావ. పిన్నులు తడుముకుని బయలుదేరేసరికి మిగతావి వెళ్ళిపోయాయి" అన్నాడు.

ముప్పై మూడేళ్ళొచ్చినా పెళ్ళి ఊసెత్తనిచ్చేవాడు కాదు. అక్క గట్టిగా అడిగితే, "బావని చూశాక మొగుడనేవాడి బతుకు మీద ఆశ చచ్చిపోయిందక్కా" అనేవాడు. ఆమె గరిటె ఎత్తేది. వాడు నవ్వుతూ వీధిలోకి పరిగెత్తేవాడు.

ఆ ఏడు వానలకు ముందు ట్రాక్టరు సెల్ఫు చెడిపోయింది. తాళం తిప్పితే టిక్కుమనడమే గానీ ఇంజను అందుకోదు. బామ్మర్ది రెండుసార్లు విప్పి బాగుచేశాడు, రెండుసార్లూ రెండు రోజులే నడిచింది. షాఫ్టు తిప్పే లివరు కూడా అరిగింది. ఒకసారి తీస్తే మళ్ళీ పడటానికి గేరు పళ్ళు కొరుక్కుంటూ సతాయించేది. ఒక్కోసారి తీసి ఉంచినా దానంతటదే పడేది.

"దుక్కుల కాలం అయిపోనీ, రెండూ ఒకేసారి మార్పిద్దాం" అన్నాడు ఓనరు.

"ఈలోపు ఏదైనా అయితేనో?" అన్నాడు నిదానం.

"నువ్వుండగా ఏమవుతుందయ్యా?"

పొగిడినట్టుంటే మనిషి మెత్తబడతాడు. అతనూ మెత్తబడ్డాడు. రోజూ పొద్దున షెడ్డు ముందున్న వాలులో నలుగురు వెనక నుంచి తోస్తే బండి స్టార్టయ్యేది. సాయంత్రం దాకా ఇంజను ఆపకుండా నడిపేవాడు. తాళం జేబులో వేసుకోవడమనే అలవాటు అలా వారం రోజులు పక్కన పడింది. అతనికి అది చొక్కా లేకుండా వీధిలో తిరుగుతున్నట్టే ఉండేది, కానీ తిరిగాడు.

ఆ రోజు మొక్కజొన్న కోసేసిన పొలం. పొలం ఆయన గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి, ఆకాశాన్నీ ట్రాక్టరునీ మార్చి మార్చి చూస్తున్నాడు. వాన పడేలోపు దున్నడం అవ్వాలని ఆయన తొందర. దారిలో బండి ఆగితే చూసుకోవచ్చని బామ్మర్ది కూడా వెంట వచ్చాడు. సగం పొలం అయ్యేసరికి రోటావేటరు గొంతు మారింది. నీళ్ళ కోసం పరిచిన పాత ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఎవరూ ఏరకుండా మట్టిలోనే ఉండిపోయింది. అది కత్తులకు చుట్టుకుని ఇరుసుని బిగించేసింది.

నిదానం క్లచ్చి తొక్కాడు, యంత్రాన్ని పైకి లేపాడు. చెయ్యి ఇంజను ఆపే మీట మీదకి వెళ్ళింది.

"బావా, ఆపకు" అన్నాడు బామ్మర్ది, అప్పటికే నడుములోంచి కత్తి తీస్తూ. "ఈ దున్నిన మట్టిలో దీన్ని తోసి స్టార్ట్ చెయ్యాలంటే ఏనుగుని తేవాలి."

"లివరన్నా తీస్తానుండు."

"తీస్తే మళ్ళీ పడదు. క్లచ్చి తొక్కి పట్టుకో, రెండు నిమిషాలు. కోసేసి వచ్చేస్తా."

గట్టు మీద నుంచి పొలం ఆయన, "కాస్త తొందరగా కానివ్వండి, మీ పుణ్యముంటుంది" అన్నాడు.

క్లచ్చి అడుగంటా తొక్కి ఉన్నంతసేపు షాఫ్టు తిరగదు. కాలు తీస్తే తిరుగుతుంది. ఈ సంగతి అతను ఇరవై ఆరేళ్ళలో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. "నీ కాలి మీద ఇంకొకడి ప్రాణం పెట్టకు" అని కూడా చెప్పేవాడు. ఆ రోజు పెట్టాడు. చెప్పు అడుగున మట్టి. పెడలు మీది రబ్బరు ఎప్పుడో అరిగిపోయి నున్నగా అయింది. చినుకు మొదలైంది.

వెనక వాడు గొట్టం కోస్తూ కబుర్లు చెబుతున్నాడు. "బావా, ఈ గొట్టం ఇప్పింది ఇప్పినట్టు ఇంటికి తీసుకెళ్దాం. అక్క బట్టలారేసుకోవడానికి తీగ అడుగుతోంది." నిదానం నవ్వాడు కూడా. పిక్క వణకడం మొదలైంది. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు.

కాలు జారింది.

ఇరుసు ఒక్క చుట్టు కూడా తిరగలేదు. తిరిగింది సగమే. అతను మళ్ళీ క్లచ్చి తొక్కేసరికి అంతా అయిపోయింది. వాడు అరవలేదు. "బావా" అని మామూలుగా, పక్కగదిలోంచి పిలిచినట్టు పిలిచాడు. నిదానం అప్పుడు ఇంజను ఆపాడు, దిగాడు. కుడి చెయ్యి మోచేతి పైదాకా కత్తుల మధ్య ఉంది. పొలం ఆయన గొడుగు పారేసి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ఇరుసుని చేతులతో వెనక్కి తిప్పి వాణ్ణి విడిపించారు. ఆయన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారిపొడుగునా వాడి తల నిదానం ఒళ్ళోనే ఉంది. తువ్వాలు రెండుసార్లు మార్చాడు.

ఆసుపత్రి వరండాలో భార్య వచ్చి పక్కన కూలబడింది. ఏడవలేదు, అతని మణికట్టు పట్టుకుని కూర్చుంది. ఓనరు ఆయాసపడుతూ వచ్చాడు. "ఏం జరిగింది? ఎలా జరిగింది?"

నిదానం నోరు తెరిచాడు. చెప్పాలనుకున్నది ఒకటి. వచ్చింది ఇంకొకటి.

"లివరు దానంతటదే పడింది."

ఎందుకలా అన్నాడో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా అతనికి అంతు చిక్కలేదు. భయపడ్డాడా అంటే, ఆ క్షణంలో భయపడేంత తెలివి కూడా లేదు. మణికట్టు మీద భార్య చెయ్యి ఉంది, అదొక్కటే తెలుసు. ఆ చెయ్యి అక్కడి నుంచి లేవకూడదనిపించింది. అంతే.

ఓనరు ముఖం పాలిపోయింది. మూడు రోజుల్లో లివరూ, సెల్ఫూ రెండూ కొత్తవి వేయించాడు. వేసిన మెకానిక్కు పాత లివరుని అరచేతిలో పెట్టుకుని చూసి, "ఇది పడకపోతే ఆశ్చర్యం గానీ పడితే ఏముంది" అన్నాడు. ఆ మాటతో అబద్ధానికి సాక్ష్యం కూడా దొరికింది. ఓనరు మాత్రం తన మీదకి రాకుండా షెడ్డులో ఇంకో మాట వదిలాడు: నడుస్తున్న బండి వెనక చెయ్యి పెట్టడం కుర్రాడి తప్పే అని. ఆ మాట నిదానం భార్య చెవిన పడింది.

వాడి చెయ్యి మోచేతి పైనుంచి తీసేశారు. నెల తర్వాత ఇంటికి తెచ్చారు.

మొదటి రెండు నెలలు వాడి వేళాకోళాలు తగ్గలేదు. "చొక్కా కుట్టించేటప్పుడు గుడ్డ కలిసొస్తుందక్కా" అనేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళే ఏడ్చేవాళ్ళు, వాడు ఓదార్చేవాడు. మూడో నెల షెడ్డుకి వెళ్ళి ఎడం చేత్తో వెల్డింగు చెయ్యబోయాడు. ముక్కని బిగించడానికి ఇంకొకరు కావాలి, ముఖానికి అడ్డం పెట్టుకునే అద్దం దించడానికి ఇంకొకరు కావాలి. అతుకు వానపాములా వంకర్లు పోయింది. దాన్ని సుత్తితో కొడితే ఊడి వచ్చింది. వాడు సుత్తిని జాగ్రత్తగా దాని చోట పెట్టి ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత జోకుల్లేవు. ముందుగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అక్క కంచం తెస్తే లేచి తినేవాడు, తిన్నాక మళ్ళీ అటు తిరిగేవాడు.

అక్క మాత్రం ఊరుకోలేదు. వాడికి గడ్డం గీస్తూ, చొక్కా గుండీలు పెడుతూ, ఆ లివరుని తిట్టేది. పొద్దున్నే మొదలుపెట్టేది. "దాన్ని పోత పోసినవాడి కొలిమి ఆరిపోను. అది అరిగినా మార్చని ఓనరు ఇల్లు కూలిపోను. మాయదారి ఇనుము, నా తమ్ముడి చెయ్యే దొరికిందా దానికి." నిదానం పక్కనే కూర్చుని టీ తాగుతూ వినేవాడు. తేలు కుట్టిన దొంగలా ఉండేవాడు. తిట్టి తిట్టి ఆమె కళ్ళు తుడుచుకుని, "మీరు మాత్రం ఏం చేస్తారు లెండి" అనేది. తిట్లకన్నా ఆ మాట దగ్గరే అతనికి గుటక దిగేది కాదు.

ట్రాక్టరు అతను మళ్ళీ నడపలేదు. నడపబోయాడు. సీటెక్కి క్లచ్చి తొక్కగానే మోకాలి నుంచి కింద అంతా వణికేది. ఓనరు రెండు రోజులు చూసి, "పోనీలే, నువ్వు ఇక్కడే ఉండు. రోటావేటరు అద్దెకి తీసుకుపోయేవాళ్ళకి ఎలా తగిలించాలో చూపించు. నీకన్నా బాగా చెప్పేవాడెవడున్నాడు" అన్నాడు. అలా అతను షెడ్డు వాకిట్లో చెప్పేవాడయ్యాడు.

బాగానే చెప్పేవాడు. ఎడమ ఇనప చెయ్యి ముందు, కుడిది తర్వాత, పైలింకు, ఆ తర్వాత షాఫ్టు. వదులు బట్టలు వద్దు, మెళ్ళో తువ్వాలు వద్దు. మలుపు తిప్పేటప్పుడు యంత్రాన్ని లేపి తిప్పు, మట్టిలో ఉంచి తిప్పకు. మడ్గార్డు మీద మనిషిని కూర్చోబెట్టకు. రాయి తగిలినా, తీగ చుట్టుకున్నా ముందు ఇంజను. ఇంజను ఆగాక, ఇరుసు పూర్తిగా నిలబడ్డాక, యంత్రాన్ని కిందకి దించాక, అప్పుడు వెనక్కి వెళ్ళు. వినేవాళ్ళు తలూపేవాళ్ళు. కొందరు గేటు దాటగానే అడ్డంగా ఉందని షాఫ్టు తొడుగు పీకి రోడ్డు పక్కన పడేసేవాళ్ళు. అతను వాకిట్లోంచి చూసేవాడు. మొదట్లో వెనకాలే పరిగెత్తి మళ్ళీ పెట్టించేవాడు. కొన్నాళ్ళకి పరిగెత్తడం మానేశాడు.

ఏడో నెలలో ఒకాయన వచ్చాడు. వయసు మళ్ళినాయన, మర్యాదస్తుడు. అంతా శ్రద్ధగా విన్నాడు. చివర్లో ఒక సందేహం అడిగాడు.

"చిన్న పనికి ప్రతిసారీ ఇంజను ఆపాలా? క్లచ్చి తొక్కి పట్టుకుంటే షాఫ్టు ఆగుతుంది కదండీ. సరిపోదా?"

"సరిపోదు" అన్నాడు నిదానం. "ఎందుకని?" అన్నాడాయన, నిజంగా తెలుసుకుందామనే. నిదానం ఆయన్ని అక్కడే వదిలేసి ఇంటికి నడిచాడు.

మధ్యాహ్నం. భార్య సంచి పట్టుకుని బజారుకు వెళ్ళింది. బామ్మర్ది గోడవైపు తిరిగి ఉన్నాడు, కానీ నిద్రపోవడం లేదు. నిదానం మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఒరేయ్, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"ఆ రోజు లివరు..."

"లివరు పడింది" అన్నాడు వాడు, తిరక్కుండానే.

"లివరు కాదురా. నా..."

"బావా." వాడు లేచి కూర్చున్నాడు. ఎన్నాళ్ళకో అతని కళ్ళలోకి సూటిగా చూశాడు. "లివరే పడింది. నువ్వే చెప్పావు. మెకానిక్కు కూడా చెప్పాడు. నాకూ అంతే తెలుసు."

"నాకు నిద్ర పట్టడం లేదురా. అబద్ధం మొయ్యలేకపోతున్నా."

"నాకు చెయ్యి లేదు. నేను మొయ్యట్లేదా?" గొంతు పెంచలేదు వాడు. "నాకున్నది ఈ ఇల్లు, అక్క. నువ్వు ఆ మాట నోటితో అంటే, నేను విన్నవాణ్ణవుతాను. విన్నాక నీ ఎదురుగా కూర్చుని ఎలా తినమంటావు? అక్క దగ్గర ఎలా దాచమంటావు? అనకు. లివరుతో నేను బతకగలను. ఇంకో రకంగా అయితే నా వల్ల కాదు."

వాడు మళ్ళీ గోడవైపు తిరిగాడు. అక్కడితో ఊరుకుని ఉంటే ఎలా ఉండేదో. చాలా ఇళ్ళు అలా ఒక అబద్ధం మీద నిలబడి, నిలబడటమే కాదు, నవ్వుతూ కూడా ఉంటాయి. కానీ మర్నాడు పొద్దున భార్య యథాప్రకారం తమ్ముడి చొక్కా గుండీలు పెట్టి, వంటగదిలోకి వచ్చి గిన్నెలు కడుగుతూ మొదలుపెట్టింది. "ఆ లివరు ముక్క నాకు దొరికితే..."

"లివరు కాదు" అన్నాడు అతను, గుమ్మంలో నిలబడి.

ఆమె చేతిలో గిన్నె ఆగింది.

"లివరు తియ్యనే లేదు. క్లచ్చి మీద నా కాలు జారింది."

కుళాయి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. ఆమె కట్టేసింది. చేతులు తుడుచుకుంది. అతని వైపు తిరిగింది గానీ ముఖం కేసి చూడలేదు, పాదాల కేసి చూసింది.

"కాలు జారిందంటే జారుతుంది. నాకూ జారుతుంది" అంది. "దానికి మిమ్మల్ని నేను ఒక్క మాట అనను. మరి ఆసుపత్రిలో లివరని ఎందుకు చెప్పారు?"

"తెలీదు."

"నేను మీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను."

"అవును."

"ఏడు నెలలు. రోజూ నా చేత ఇనప ముక్కని తిట్టించారు. మీరు పక్కన కూర్చుని టీ తాగారు." ఆమె పొడి చేతులనే మళ్ళీ తుడుచుకుంది. "మీరు మాత్రం ఏం చేస్తారు లెండి అన్నాను. ఎన్నిసార్లన్నానో. మీరు విన్నారు."

ఆమె కుళాయి మళ్ళీ తిప్పి, మిగిలిన గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

ముందుగదిలో మంచం కిర్రుమంది. రెండు గదుల ఇంట్లో మాటలు గోడలు దాటకుండా ఎలా ఉంటాయి. వాడు గుమ్మం దగ్గరికి వచ్చాడు. అక్క వంక చూసి, బావ వంక చూసి, అన్నాడు: "దించుకున్నావుగా బరువు. మా ఇద్దరి నెత్తినా పెట్టి దించుకున్నావు. ఇప్పుడు తేలిగ్గా ఉందా?"

తేలిగ్గా లేదు. అదే అతనికి అన్నిటికన్నా వింతగా అనిపించింది. చెప్పేస్తే ఒక పక్కన్నా ఊపిరాడుతుందనుకున్నాడు. ఆడలేదు.

వారం తిరక్కుండా వాడు వెళ్ళిపోయాడు. రెండు బస్సులు మారి వెళ్ళాల్సినంత దూరంలో, లారీలు తూకం వేసే చోట పని చూసుకున్నాడు. తెర మీద అంకె చూసి కాగితం మీద రాయడం, ఎడం చేత్తో చెయ్యగలిగిన పని. పడుకోవడానికి ఆ కాటా వెనకే ఒక గది ఇచ్చారు. వెళ్ళే రోజు అక్క సంచి సర్దింది. చొక్కాలకు గుండీలు తీసేసి, ఒంటి చేత్తో పెట్టుకోవడానికి వీలుగా అంటుకునే పట్టీలు కుట్టింది. వాడు గుండీలతో కుస్తీ పడకుండా ముందురోజంతా కూర్చుని కుట్టింది. వద్దని ఒక్కసారి కూడా అనలేదు. వాడు వెళ్తూ గుమ్మంలో, "వస్తా బావా" అన్నాడు, అలవాటు కొద్దీ. నోటికి వచ్చేశాక అన్నందుకు తనకే బాధేసినట్టు గబగబా మెట్లు దిగాడు.

ఆమె ఇల్లు వదలలేదు. వేళకి వంట, వేళకి కంచం, ఉతికిన బట్టలు మడతపెట్టి ఉండేవి. "కుళాయి వచ్చింది", "తాళం తీసుకెళ్ళండి", "బియ్యం అయిపోయాయి" లాంటి మాటలు ఉండేవి. నిదానంగారూ అన్న పిలుపు మాత్రం లేదు. తమ్ముడి మంచం మడిచి గోడకి ఆనించింది. ఆదివారాలు బస్సెక్కి వాణ్ణి చూసి వచ్చేది. మొదటి ఆదివారం అతనూ చెప్పులు వేసుకుని నిలబడ్డాడు. "మీరెందుకు" అంది. అందులో కోపం లేదు. కోపమే ఉంటే అతను బతిమాలేవాడు.

షెడ్డులో ఓనరుకి కూడా అతనే చెప్పాడు. ఓనరు చుట్టూ చూసి, "అయిపోయినదాన్ని ఇప్పుడు కదిలించకయ్యా" అన్నాడు. "లివరు మార్చేశాం కదా, ఇంకెవరికీ అవ్వదు." పనిలోంచి తియ్యలేదు. తీసేస్తే బాగుండునని నిదానం రెండు మూడుసార్లు అనుకున్నాడు. మర్నాటి నుంచి మళ్ళీ వాకిట్లో అదే పాఠం. ఆ వయసు మళ్ళినాయన రోటావేటరు తిరిగి ఇవ్వడానికి వచ్చి, ఏ ఇబ్బందీ కాలేదని, బాగా చెప్పారని చెయ్యి కలిపాడు. క్లచ్చి సంగతి ఆయన మళ్ళీ అడగలేదు. అడిగితే ఈసారి చెప్పేవాడే.

చలికాలం చివర్లో ఒక రోజు షెడ్డుకి సెలవు పెట్టి, భార్యకు చెప్పకుండా రెండు బస్సులు మారి వెళ్ళాడు. కాటా రోడ్డుకి ఆవల ఉంది. లారీలు వరసగా ఆగి ఉన్నాయి. అద్దాల గదిలో బల్ల ముందు వాడు కూర్చుని ఉన్నాడు. కొంచెం ఒళ్ళు వచ్చింది. జుట్టు ఎవరో బాగానే కత్తిరించారు. వాడు అంకె చూశాడు, రాశాడు, కాగితాన్ని కుడి మొండి చేత్తో అదిమి పట్టుకుని చించాడు, కిటికీలోంచి డ్రైవరుకి ఇచ్చాడు. డ్రైవరు ఏదో అన్నాడు. వాడు నవ్వాడు.

ఆ నవ్వుతోనే తలెత్తి రోడ్డు ఇవతలికి చూశాడు. చూశాడని నిదానానికి తెలుసు, మధ్యలో ఏ లారీ లేదు. అతను చెయ్యి ఎత్తలేదు. ఎత్తాలో వద్దో తెలియలేదు. వాడు రెండు క్షణాలు అలాగే చూసి, ముఖం తిప్పి, తర్వాతి లారీని రమ్మని సైగ చేశాడు. లారీ ముందుకు వచ్చి అద్దాల గదికి అడ్డంగా నిలబడింది.

అది వెళ్ళిపోయాక ఇంకొకటి వచ్చింది. నిదానం అక్కడే నిలబడ్డాడు. చలిగాలికి దుమ్ము లేచి కళ్ళలో పడుతోంది. మధ్యాహ్నం మూడింటికి తిరుగు బస్సు ఉందని టీ కొట్టు ఆయన చెప్పాడు. అది వచ్చేదాకా నిలబడి, వచ్చాక ఎక్కాడు.

ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలో కూర్చుని ఏదో కుడుతోంది. ఎక్కడికి వెళ్ళారని అడగలేదు. ఒక పక్కకి జరిగి దారి ఇచ్చింది. అతను లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. ఆమె లేచి కంచం పెట్టి, మళ్ళీ వెళ్ళి గుమ్మంలో కూర్చుంది.